పుటకు ముప్పైయొక్క నిమిషాలు

దాన్ని ఆ రోజుల్లో పోర్టబుల్ కంప్యూటర్ అనేవారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు అది తాత వరస. బరువు పదమూడు కిలోలు. ఆఫీసులోని తూకం మీద పెట్టి నేనే చూశాను. కుట్టుమిషను పెట్టెకు ఉన్నట్టు పైన పిడి, మూతలా బిగిసే కీబోర్డు, లోపల తొమ్మిది అంగుళాల ఆకుపచ్చ తెర. ఫ్రాన్సులో కొన్నది కనుక కీబోర్డు మీద A ఉండవలసిన చోట Q ఉండేది, Q ఉండవలసిన చోట A ఉండేది. అది నా సొత్తు కాదు. కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడొకడు ఏడాదిపాటు ఫ్రాన్సుకు వెళ్తూ, "సముద్రపు గాలికి పాడవకుండా వారానికోసారి ఆన్ చేస్తూ ఉండు, చాలు" అని నా దగ్గర ఉంచి వెళ్లాడు. అవి ఎనభైల చివరి సంవత్సరాలు.

నేను యానాం నుంచి బదిలీ మీద పాండిచ్చేరికి వచ్చిన ఇంజనీరును. వైట్ టౌన్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో కొలత పరికరాలు సరిచూడటం నా ఉద్యోగం. ముత్తియాల్‌పేటలో ఒక మేడ మీది వాటాలో నేనూ మా ఆవిడా అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో ఇంటివారు. వారిది తరాల క్రితమే అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఊరి బయట పొలాలుండేవి. ఇంటికి పెద్ద డెబ్బై దాటిన ఒక మామ్మగారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని తమిళ దినపత్రికను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. పెళ్లి పాటలు ఆవిడకు వచ్చినన్ని ఆ వీధిలో మరెవరికీ రావు. పసుపు దంచేటప్పుడు పాడేవి, నలుగు పెట్టేటప్పుడు పాడేవి, అప్పగింతలప్పుడు పాడేవి, అన్నీ తెలుగు పాటలే. అయితే ముందటేడు గొంతుకు ఆపరేషన్ అయింది. మాట మిగిలింది కాని పాట పోయింది.

మనవరాలి పెళ్లి అయిప్పసి నెలలో, అంటే దసరా దాటాక, కుదిరింది. ఒక ఆదివారం ఆవిడ మేడ మీదికి వచ్చి, బీరకాయ తొక్కులా గరుకుపడ్డ గొంతుతో నాతో అన్నారు:

"నాయనా, నా కోడండ్లకి తలా రెండు పాటలు వస్తాయి. మిగిలింది నాలో ఉండాది. నేను పాడలేను. పాట లేకుంటే వాండ్లు మైకు సెట్టు పెట్టి సినిమా రికార్డు ఏస్తారు. నలుగు కాడ సినిమా పాటేంది, చెప్పు? నేను చెప్తా, నువ్వు పుస్తకం చెయ్యి. కల్యాణానికి ఆడోళ్ల చేతిలో పుస్తకం ఉండాల."

"తప్పకుండా చేస్తాను మామ్మగారూ" అన్నాను. "అచ్చు వేసి ఇస్తాను."

అచ్చు అన్న ఆ మాటే నా మెడకు చుట్టుకుంది. ఊళ్లో తెలుగు కంపోజింగ్ చేసే ప్రెస్సు ఒక్కటీ నాకు దొరకలేదు. చేత్తో రాసి జిరాక్స్ తీస్తే ఒక వారం పని. మా ఆవిడ ఆ సంగతి మొదటి రోజే చెప్పింది.

"చక్కగా గుండ్రటి దస్తూరీ కదండీ మీది. రాసిచ్చెయ్యకూడదూ?"

"రాత రాతే, అచ్చు అచ్చే" అన్నాను. నిజానికి మిత్రుడి యంత్రం మూల కూర్చుని నన్ను చూస్తోంది.

ఆదివారాల్లో మామ్మగారు చెప్పగా పాటలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను. ప్రతి పాటా చదివి వినిపిస్తే ఆవిడ కళ్లు మూసుకుని విని, తప్పు వచ్చిన చోట తొడ మీద చరిచేవారు. మిగతా రోజుల్లో గ్రాఫు కాగితం మీద తెలుగు అక్షరాలు గీశాను. ఎత్తు ఇరవైనాలుగు చుక్కలు. గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా. 'పెళ్లి పాటలు' అన్న పుస్తకం పేరులోని 'ళ్లి' ఒక్కటే మూడు సాయంత్రాలు తిన్నది. ఆ చుక్కలను అంకెలుగా మార్చి, బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసి, ఆఫీసులో అడిగి తెచ్చిన సూదుల ప్రింటరు (డాట్ మాట్రిక్స్) మీద మొదటి పుట తీసేనాటికి పెళ్లి ముప్పైయెనిమిది రోజుల దూరంలో ఉంది.

మొదటి పుటకు ముప్పైయొక్క నిమిషాలు పట్టింది.

ప్రింటరు తీగ పీకి మళ్లీ నడిపి చూశాను. పంతొమ్మిది నిమిషాలు. అంటే ఒత్తులు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎక్కడ నిలవాలో తేల్చుకోవడానికి ప్రాసెసరు పంతొమ్మిది నిమిషాలు తీసుకుంటోంది. కాగితం మీద సూదులు కొట్టడానికి తక్కిన పన్నెండు. పాటలు మొత్తం నలభైనాలుగు పుటలు.

ఇది పగలూ రాత్రీ నడిపించగల యంత్రమైతే చింత లేకపోయేది. మా పక్క ఇంటి కింది భాగంలో లేత్ షాపు ఉండేది. వాళ్లు మోటారు వేసిన క్షణంలో మా గోడ ప్లగ్గులో వోల్టేజి నూటఅరవైకి పడేది; తెర మీది అక్షరాలు ముడుచుకుపోయి, ప్రోగ్రాం ఎక్కడిది అక్కడ ఆగిపోయేది. షాపు మూసేది సాయంత్రం ఆరింటికి. ఎనిమిదింటికి వంతు ప్రకారం వీధంతా కరెంటు తీసేవారు, మళ్లీ వచ్చేది అర్ధరాత్రి దాటాకే. కనుక నాకు దొరికేది రోజుకు నూటయిరవై నిమిషాలు. నూటయిరవైని ముప్పైయొకటితో భాగిస్తే మూడు పుటలు, నాలుగో పుటకు నాలుగు నిమిషాలు తక్కువ. ఆ నాలుగు నిమిషాలు నన్ను తిన్నంతగా జీవితంలో మరేదీ తినలేదు. రోజుకు మూడు పుటల చొప్పున పదిహేను సాయంత్రాలు. దిద్దుబాట్లకు మళ్లీ అంతా ఒకసారి తీయవలసి వస్తే ముప్పై. ఆపైన జిరాక్సు, కుట్టు. నడుమ ఆయుధపూజ.

సరిగ్గా అప్పుడు, మిత్రుడు వదిలివెళ్లిన పత్రికల కట్టలో ఒక ప్రకటన కంటబడింది. మా యంత్రంలో ఉన్నది 8088 అనే ప్రాసెసరు. దానికి ఉన్నట్టే నలభై కాళ్లున్న జపాను చిప్పు ఒకటి వచ్చిందట. పాతది పీకి ఆ సాకెట్టు గుంటలోనే దీన్ని గుచ్చితే చాలునట. మూడో వంతు అదనపు వేగమట. లెక్క వేశాను. పంతొమ్మిది పద్నాలుగవుతుంది, ప్రింటరు పన్నెండు మారదు. ముప్పైయొకటి ఇరవైయారవుతుంది. రోజుకు నాలుగు పుటలు.

నాలుగు! ఆ అంకె కాగితం మీద కనబడ్డాక నిద్ర పట్టలేదు.

వెంటనే రెండో కాగితం తీసి వ్యతిరేక కారణాలు రాశాను. చిప్పు గుంటలో ఉందో, బోర్డుకే అతికి ఉందో మూత తీస్తే గాని తెలియదు. పీకేటప్పుడు ఒక్క కాలు విరిగినా పుస్తకం లేదు, మిత్రుడి యంత్రమూ లేదు. అతని అనుమతి అడుగుదామంటే ఉత్తరం పోయి జవాబు రావడానికి మూడు వారాలు. ప్రింటరుకు నా ప్రోగ్రాం ఇచ్చే విరామాలు, ప్రాసెసరు చేత ఊరికే ఇన్ని అంకెలు లెక్కపెట్టించే ఖాళీ లెక్కింపుతో కట్టినవి. ప్రాసెసరు వేగం పెరిగితే అవి కుంచించుకుపోయి, వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కవచ్చు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. కూర్చోవడమంటే ఊరికే కాదు. విరామాల సంగతి తేల్చడానికి ఒకే పుటను అయిదు రకాలుగా నడిపించి కాలం నమోదు చేశాను. ఆ మూడు సాయంత్రాల్లో పాటల పుస్తకానికి పనికొచ్చే పుట ఒక్కటీ బయటికి రాలేదు.

మామ్మగారు మెట్ల కింద నిలబడి కేకేసేవారు. "ఏంది నాయనా, మీ పెట్టె ఇంకా నోరు తెరవలేదా?"

"తెరుస్తుంది మామ్మగారూ. వేగం పెంచే ఉపాయం చూస్తున్నాను."

"ఏగమెందుకు? నా మనవరాలు యాడికీ పరిగెత్తిపోదులే."

నాలుగో సాయంత్రం మూత తీద్దామని కూర్చుంటే మరలకు నక్షత్రం ఆకారపు గాడి. దానికి సరిపడే స్క్రూడ్రైవరు మా ఆఫీసులో కూడా లేదు. మర్నాడు ఆరుకు ముందే దిగివెళ్లి, నన్ను రోజూ ఏడిపించే ఆ లేత్ షాపు యజమానినే బతిమాలి, పాత స్క్రూడ్రైవరు మొన అరగదీయించుకున్నాను. అందుకోసం ఆయన షాపు మూయడం అరగంట ఆలస్యమైంది. నా నూటయిరవై నిమిషాల్లోంచి ముప్పై పోయాయి. మొన సరిపడనే లేదు. ఆ మర్నాడు మళ్లీ వెళ్లాను.

ఏడో సాయంత్రానికి మూత వచ్చింది. చిప్పు గుంటలోనే ఉంది. ఒక్క చూపుతో తేలిపోయే ఆ సంగతికి అయిదు నిమిషాలు చాలు. నేను ఏడు రోజులు తీసుకున్నాను.

ఎనిమిదో రోజు సెలవు పెట్టి మద్రాసు బస్సెక్కి, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో చిప్పు వెతికాను. మధ్యాహ్నం దాకా ప్రతి కొట్టువాడూ "రేపు రండి సార్" అన్నాడు. చివరకు మెట్ల కింద బీరువా అంత కొట్టులో దొరికింది. నల్ల స్పాంజిలో కాళ్లు గుచ్చి ఇచ్చాడు. తిరుగు బస్సులో దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరి మోచెయ్యి తగులుతుందోనని మూడున్నర గంటలు జేబు మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను. పక్క సీటాయన నాకు గుండెనొప్పేమోనని కండక్టరును పిలిచాడు.

తొమ్మిదో సాయంత్రం ధైర్యం చాలలేదు. పాత చిప్పుతోనే నడిపిస్తే ఇప్పటికీ పని అవుతుందా అని మళ్లీ లెక్క వేశాను. దిద్దుబాట్లు తక్కువైతే అవుతుంది, ఎక్కువైతే కాదు. దిద్దుబాట్లు ఎన్నో మామ్మగారి జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. ఆవిడ జ్ఞాపకాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు. రేపు మార్చేద్దామని నిశ్చయించుకుని పడుకున్నాను.

రేపు ఆయుధపూజ. నేను మరచిపోయాను. పొద్దున్నే సముద్రం ఒడ్డుదాకా నడిచివచ్చేసరికి మేడ మీద యంత్రం లేదు. కిందికి పరిగెత్తాను. ఇంటివారి నడవలో నాగళ్లు, కొడవళ్లు, రెండు సైకిళ్లు, కుట్టుమిషను, కత్తిపీట వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మధ్య, మూత లేని మా కంప్యూటరు పేగులు బయటపెట్టుకుని ఉంది. తెరకు గంధం, కీబోర్డుకు కుంకుమ, పిడికి బంతిపూల మాల.

"ఎవరు తెచ్చారు దీన్ని?" అన్నాను.

మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మామ్మగారు అడిగితే ఎలా కాదంటానండీ? నేనూ పెద్ద కోడలుగారూ పట్టుకొచ్చాం. పదమూడు కిలోలని మీరే అన్నారుగా, ఇద్దరికీ సరిపోయింది."

మామ్మగారు ఇత్తడి పళ్లెంలో ఉన్న స్పాంజి ముక్క చూపించారు. కొత్త చిప్పు వీపు మీద ఎర్రటి బొట్టు.

"దీనికి కాళ్లెన్ని నాయనా?"

"నలభై, మామ్మగారూ."

"నేను ఒక్క బొట్టే పెట్టినా. చాలునా?"

"చాలండీ. ఇక తీసుకెళ్లనా?"

"యాడికి? ఈ పొద్దు పనిముట్టు ముట్టకూడదు. రేపు పొద్దున పూజ ఎత్తినాకనే. దానికీ ఒక నాడు లీవు ఇయ్యప్పా!"

పూజ ఎత్తింది మర్నాడు పొద్దున. నేను ఆఫీసు నుంచి వచ్చాక ఆ సాయంత్రమంతా దూదితో, స్పిరిటుతో చిప్పు కాళ్ల మధ్య కుంకుమ, బోర్డు మీద రాలిన అక్షతలు తీయడానికి పోయింది. అక్షతలు పదకొండు. డిస్కు డ్రైవు నోట్లో ఒకటి ఉంది.

పన్నెండో సాయంత్రం మార్చాను. రెండు బల్లపరుపు స్క్రూడ్రైవర్లు రెండు కొసల కిందికి దూర్చి, ఒకసారి ఇటు వెంట్రుకవాసి, ఒకసారి అటు వెంట్రుకవాసి లేపుతూ పాతది పైకి తీశాను. దాన్ని అగ్గిపెట్టెలో దాచాను. కొత్తది గుచ్చి ఆన్ చేశాను. తెర మీద ఏమీ లేదు. ఆకుపచ్చ చుక్క కూడా లేదు.

మా ఆవిడ వెనక నిలబడి ఉంది. "రాలేదాండీ?" అంది, చాలా మెల్లగా.

"కాసేపు మాట్లాడకు."

"అది కాదండీ, పెళ్లికి ఇంకా ఇరవైయారు రోజులుంది. ఇప్పుడు మొదలెట్టినా చేత్తో రాసెయ్యచ్చు."

నేను టార్చి తెచ్చి వంగి చూశాను. పదిహేడో కాలు గుంటలోకి దిగక చిప్పు పొట్ట కిందికి మడుచుకుపోయింది. పదమూడో సాయంత్రం దాన్ని సన్నమూతి పటకారుతో సాపు చేసి మళ్లీ గుచ్చాను. తెర వెలిగింది. మొదటి పుట నడిపించాను. ఇరవైయారు నిమిషాలు, లెక్క ఒక్క నిమిషం కూడా తప్పలేదు.

అదే పెన్సిలుతో కింద ఇంకొక లెక్క వేశాను. పాత చిప్పుతో మొత్తం పుస్తకానికి పదిహేను సాయంత్రాలు, కొత్తదానితో పదకొండు. మిగిలినవి నాలుగు. మిగిల్చుకోవడానికి ఖర్చయినవి పదమూడు. ఊరికే మొదటి రోజునుంచి నడిపించి ఉంటే ఈపాటికి ముప్పైతొమ్మిది పుటలు చేతిలో ఉండేవి. ఆ కాగితాన్ని మా ఆవిడకు చూపించలేదు. చించి, బయట పారేస్తే ఎవరైనా చూస్తారని, ముక్కలు జేబులో వేసుకున్నాను.

తక్కినది ఆగకుండా జరిగింది. పదకొండు సాయంత్రాలు పుటలు తీశాను. తరవాత కిందికి వెళ్లి ఒక్కొక్క పాటా చదివి వినిపించాను. మామ్మగారు కళ్లు మూసుకుని విన్నారు, తొడ చరిచారు, అప్పుడప్పుడు, "అయ్యో, ఆడ ఇంకో రెండు చరణాలు ఉండాయి" అన్నారు. దిద్దుబాట్లకు ఏడు సాయంత్రాలు. జిరాక్సు, కుట్టు, అట్ట: మూడు రోజులు. పెళ్లి ఇంకా నాలుగు రోజులుందనగా ఇరవై ప్రతులు పళ్లెంలో పెట్టి కిందికి దించాను.

నడవలో ఆడవాళ్లంతా ఉన్నారు: ఇద్దరు కోడళ్లు, వాళ్ల అక్కచెల్లెళ్లు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, కలిపి ఒక పదిమంది. మామ్మగారు ఒక ప్రతి తీసుకుని కళ్లకద్దుకున్నారు. తెరిచారు. దూరంగా పట్టి చూశారు, దగ్గరగా పట్టి చూశారు. పెద్దకోడలికి ఇచ్చారు. ఆవిడ చిన్నకోడలికి ఇచ్చింది. పదిమంది చేతులూ తిరిగి ఆ పుస్తకం మళ్లీ మామ్మగారి ఒడిలోకే వచ్చింది.

"బాగుండాది నాయనా" అన్నారు. "ముత్యాలు ముత్యాలుగా ఉండాయి. ఇప్పుడు దీన్ని ఎవురు చదివేది?"

నాకు అర్థం కాలేదు. "మీరేనండీ. మీ కోడళ్లు."

"మాకు ఈ అచ్చరాలు యాడ వస్తాయప్పా? పాటలు తెలుగే. మేమందరం పోయింది అరవ బడికి గదా! నీకు తెలవదా? పొద్దున లేస్తే నా చేతిలో ఏ పేపరు చూస్తా ఉండావు?"

ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నకోడలు పుస్తకం తలకిందులుగా తిప్పి, "ఇట్ల పట్టుకుంటే ఏమన్నా వస్తుందా అన్నా?" అంది. నవ్వులు నడవంతా పాకాయి. నేను మా ఆవిడవైపు చూశాను. తనూ నావైపే చూస్తోంది. మేమిద్దరమూ యానాం వాళ్లం. తెలుగు మాట్లాడేవాళ్లకు తెలుగు చదవడం రాకపోవచ్చునన్న ఊహ మాలో ఒక్కరికీ తట్టలేదు. వోల్టేజి కొలిచాను, నిమిషాలు కొలిచాను, చివరకు అక్షతలు కూడా లెక్కపెట్టాను.

నిలబడినవాణ్ని నిలబడినట్టే లెక్క మొదలుపెట్టాను. తమిళ అక్షరాలు తక్కువ. ఒత్తులు లేవు. గ్రాఫు కాగితం మీద రోజుకు నలభై గీస్తే... నా పెదవులు కదలడం మా ఆవిడ చూసింది.

"ఏవండీ, వద్దు" అంది, అందరి ముందూ. "దణ్ణం పెడతాను. మళ్లీ ఆ పెట్టె జోలికి మాత్రం పోకండి."

మామ్మగారు అప్పటికే నోటుబుక్కులు తెప్పిస్తున్నారు. "చీక్రం కానీండి. నాయనా, నువ్వు కూసోని చదువు. వాండ్లు రాసుకుంటారు. నాలుగు నాళ్లు ఉండాది, చాలు."

మూడు మధ్యాహ్నాలు సెలవు పెట్టి ఆ నడవలో కూర్చున్నాను. నేను ఒక్కొక్క పాదం చదివేవాణ్ని. పది బాల్‌పెన్నులు తమిళ అక్షరాల్లో తెలుగు పాట రాసుకునేవి. ఆ లిపిలో క, గ లకు ఒక్కటే అక్షరం, త, ద లకు ఒక్కటే. తప్పుగా చదువుతారేమోనని నేను ఆపబోతే, "మాకు తెలుసులే అన్నా, మా భాషే గదా" అని పెద్దకోడలు కసిరింది. నేను వద్దనుకుంటూనే గడియారం చూశాను. ఒక పుటకు తొమ్మిది నిమిషాలు. అదీ పది ప్రతులు ఒక్కసారిగా. మూడో మధ్యాహ్నం నాలుగింటికి ఆఖరి అప్పగింతల పాట అయిపోయింది. నడుమ నేను మంచినీళ్లకు ఆగితే మామ్మగారు, "ఏంది, నీకూ కరెంటు పోయిందా?" అన్నారు.

పెళ్లిలో మైకు సెట్టు పెట్టలేదు. నలుగు దగ్గర ఆడవాళ్లు నోటుబుక్కులు ఒడిలో పెట్టుకుని పాడారు. మామ్మగారు మధ్యలో కూర్చుని గొంతు రాకపోయినా పెదవులతో ప్రతి మాటా పలికారు. ఒక చరణం దగ్గర ఇద్దరి నోటుబుక్కులు పొసగలేదు. పాట ఆగింది. పదిమందీ తలలు తిప్పి, మగవాళ్ల వైపు ఎక్కడో నిలబడ్డ నన్ను వెతికారు. జేబులోంచి నా ప్రతి తీసి, ముప్పైరెండో పుట తెరిచి, ఆ పాదం గట్టిగా చదివాను. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఎవరీయన అన్నట్టు చూశారు. ఆడవాళ్లు పాట మళ్లీ అందుకున్నారు.

తక్కిన పంతొమ్మిది ప్రతుల్లో ఒకటి మామ్మగారి పూజగూట్లోకి చేరింది. తరవాతి ఏడాది ఆయుధపూజకు కూడా అది నాగళ్ల మధ్య పళ్లెంలో ఉంది. కుంకుమ బొట్టు అట్ట మీద, సరిగ్గా నేను మూడు సాయంత్రాలు గీసిన 'ళ్లి' మీద పెట్టారు. మిత్రుడు తిరిగివచ్చి యంత్రం తీసుకునే రోజున చిప్పు మార్చిన సంగతి చెప్పి, పాతది అగ్గిపెట్టెతో సహా చేతికిచ్చాను. అతను ఆన్ చేసి, రెండు మాటలు కొట్టి చూశాడు.

"తేడా ఏమీ తెలియడం లేదే" అన్నాడు.

"పుటకు అయిదు నిమిషాలు" అన్నాను.